చలికి కావలసింది కడుపునిండా వేడి తిండి

కార్తీకం దాటితే ఉత్తర తెలంగాణలో చలి మాటలు మొదలవుతాయి. సిర్పూర్(యు), గిన్నెధరి, అర్లి(టి) వంటి ఊళ్ల పేర్లు ఏటా వాతావరణ వార్తలకెక్కేది ఈ రోజుల్లోనే. తెల్లవారుజామున పది డిగ్రీల లోపు చలి ఆ ఊళ్లకు కొత్తేమీ కాదు. వాటికి దక్షిణాన, గోదావరి ఒడ్డున ఉన్న మంచిర్యాలలో చలి అంత కరుకుగా ఉండదు. అయినా శ్రీరాంపూర్, ఇందారం ఓపెన్‌కాస్టు బొగ్గుగనుల్లో రాత్రంతా ఆరుబయట పనిచేసే కార్మికుడికి, చీకటి ఉండగానే మార్కెట్లో కూరగాయల మూటలు దించుకునే ఆడవాళ్లకు ఆ చలే ఎక్కువ. మరి ఈ చలికి ఏం తినాలి, ఏం తాగాలి? ఒకప్పుడు ఈ ప్రశ్నకు ప్రతి ఇంటి వంటగదిలో జవాబుండేది. 2020లో కరోనా వచ్చాక ఆ జవాబు దుకాణానికి తరలిపోయింది. తులసి, దాల్చినచెక్క, సొంఠి, మిరియాలు మరిగించి తాగమని కేంద్ర ఆయుష్ శాఖ ఆ ఏడాది సూచించింది. ఆ తర్వాత కషాయం పొడులు, రోగనిరోధక శక్తి పొట్లాలు కిరాణా కొట్లలోనూ మందుల షాపుల్లోనూ చలికాలం సరుకుగా స్థిరపడ్డాయి. పొద్దున ఒక గ్లాసు కషాయం తాగేశాం, ఇక చలికి భయం లేదనే ధీమా చాలామందిలో కనిపిస్తోంది. ఆ ధీమాకు పునాది గట్టిది కాదు. చలి నుంచి ఒంటిని కాపాడేది ఘాటైన నీళ్ల కన్నా, అప్పుడే వండి వేడిగా వడ్డించిన నిండైన తిండి. అందులో మన ప్రాంతానికి ఏ లోటూ లేదు.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. అరవై డిగ్రీల వేడి ఉన్న నూట యాభై మిల్లీలీటర్ల టీ తాగామనుకుందాం. మన ఒంటి వేడి ముప్పై ఏడు డిగ్రీలు. అంటే ఆ టీ ఒంటికి అదనంగా ఇవ్వగల వేడి ఇరవై మూడు డిగ్రీల తేడా మేరకే, కేలరీల్లో చెబితే సుమారు మూడున్నర. పాలు, పంచదార ఇచ్చే శక్తిని ఇందులో కలపలేదు. అరవై కిలోల మనిషి ఒళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే దాదాపు యాభై కేలరీలు కావాలి. కాబట్టి ఒక గ్లాసు వేడి టీతో, వేడి కషాయంతో ఒంటి వేడి డిగ్రీలో పదో వంతు కూడా పెరగదు. అదే వంద గ్రాముల జొన్నపిండితో చేసిన రొట్టెలు తింటే సుమారు మూడు వందల ముప్పై కేలరీలు అందుతాయి, అంటే దాదాపు వంద రెట్లు. మనం తిన్నదాంట్లోని శక్తి కొంత పనికి పోయినా, చాలా భాగం చివరికి వేడిగానే మారుతుంది. తిండి అరిగేటప్పుడు కూడా ఒళ్లు కొంత వేడి పుట్టిస్తుంది. కొవ్వుతో ఈ వేడి చాలా తక్కువ, పిండి పదార్థాలతో కాస్త ఎక్కువ. మాంసకృత్తులైతే వాటి శక్తిలో ఐదో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే అరుగుదలకు ఖర్చయి వేడిగా బయటికొస్తుంది. పప్పు, ఉలవలు, పల్లీలు, గుడ్డు తిన్నాక ఒళ్లు వెచ్చబడినట్టు అనిపించడానికి ఇదొక కారణం.

మరి వేడి టీ గొంతులో దిగగానే కలిగే హాయి అబద్ధమా అంటే కాదు. నోట్లో, గొంతులో, చర్మంలో వేడిని పసిగట్టే గ్రాహకాలుంటాయి. మిరపకాయలోని కారం కూడా అదే గ్రాహకాన్ని తడుతుంది. అందుకే చల్లటి పచ్చిమిర్చి కొరికినా మెదడుకు మంట కబురు అందుతుంది. వేడిని, స్పర్శను పసిగట్టే గ్రాహకాల గుట్టు విప్పినందుకే డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ 2021లో వైద్యశాస్త్ర నోబెల్ అందుకున్నారు. అల్లం ఎండి సొంఠి అయినప్పుడు అందులోని జింజెరాల్ కొంత షోగాల్‌గా మారుతుంది. పచ్చి అల్లం కన్నా సొంఠి ఎక్కువ ఘాటుగా ఉండటానికి అదే కారణం. జలుబు చేసినప్పుడు వేడి పానీయం ఇచ్చే ఉపశమనానికి కూడా ఆధారం ఉంది. బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో జలుబు మీద పనిచేసే కేంద్రం 2008లో ముప్పై మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు ప్రచురించింది. ఒకే పండ్ల పానీయాన్ని వేడిగా తాగినవాళ్లకు, గది ఉష్ణోగ్రతలో తాగినవాళ్లకు ముక్కు కారడం, దగ్గు, తుమ్ములు రెండు విధాలా తగ్గాయి. గొంతు నొప్పి, ఒళ్లంతా చలిగా ఉండటం, నీరసం మాత్రం వేడిగా తాగినవాళ్లకే తగ్గాయి. కాబట్టి వేడి చారుకు, అల్లం టీకి ఇవ్వవలసిన గౌరవం ఇవ్వాలి. అవి ఇచ్చేది హాయి, ఉపశమనం. ఒంట్లో పొయ్యిని మండించే కట్టెలు మాత్రం తిండిలోనే ఉన్నాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. సొంఠి, మిరియాలు, వాము ఒంటికి వేడి చేస్తాయని మన పెద్దలు, ఆయుర్వేదం చెప్పలేదా అని. చెప్పారు. కానీ ఆయుర్వేదం చలికాలానికి మొట్టమొదట చెప్పింది కషాయం గురించి కాదు. చరక సంహిత సూత్రస్థానంలోని ఆరో అధ్యాయం ఋతువులను బట్టి తిండి ఎలా ఉండాలో వివరిస్తుంది. హేమంతంలో జఠరాగ్ని బలంగా ఉంటుందని, బరువైన తిండిని కూడా అరిగించుకోగలదని, దానికి తగినంత ఇంధనం అందకపోతే ఒంట్లోని సారాన్నే హరిస్తుందని అందులో ఉంది. నెయ్యి, నూనె తగిలిన వంటలు, పాల పదార్థాలు, బెల్లం, కొత్త బియ్యం, వేడినీళ్లు ఈ కాలానికి తగినవని చెబుతుంది. సంక్రాంతికి మనం వండుకునేవి ఒక్కొక్కటే తలుచుకుంటే, కొత్త బియ్యం, నువ్వులు, బెల్లం, నెయ్యి అన్నీ ఈ వరుసలోవే. శాస్త్రం పేరు చెప్పి పొడి అమ్మేవాళ్లు దాని మొదటి మాటను, అంటే కడుపునిండా తినమన్న మాటను వదిలేశారు. రోజుకు ఒక పూట సరిగ్గా తినని మనిషికి రెండు పూటలా కషాయం పోయడం ఆయుర్వేదం ప్రకారం చూసినా పొరపాటే.

ఈ ప్రాంతానికి చలికాలపు అసలు తిండి జొన్న. 1940లలో ఆదిలాబాద్ గోండుల మధ్య ఉండి పరిశోధన చేసిన క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ మార్లవాయిని తన కేంద్రంగా చేసుకున్నాడు. రాజ్‌గోండుల మీద 1948లో వచ్చిన ఆయన పుస్తకం చదివితే, అక్కడి బతుకులో జొన్న ఎంత పెద్ద భాగమో అర్థమవుతుంది. వంద గ్రాముల జొన్నల్లో సుమారు పది గ్రాముల మాంసకృత్తులు, అంతే పీచు ఉంటాయి. పీచు వల్ల జొన్న నెమ్మదిగా అరుగుతుంది, రాత్రి తిన్నది చాలాసేపు ఆకలిని ఆపుతుంది. జొన్నరొట్టె చేసే పద్ధతిలోనే చలికాలానికి పనికొచ్చే కిటుకు ఉంది. జొన్నలో గోధుమకుండే జిగురు లేదు. అందుకే చన్నీళ్లతో కలిపితే పిండి విడిపోతుంది. సలసల కాగిన నీళ్లు పోసి గరిటెతో కలిపి, చెయ్యి పట్టేంత వేడిలో ఉండగానే అరచేత్తో మెదిపితే పిండిలోని గంజి కొంత ఉడికి జిగురొస్తుంది. ముద్దను పీట మీద పెట్టి, చేతివేళ్లతో తడుతూ తిప్పుతూ పల్చన చేస్తారు. పెనం మీద వేశాక పైవైపు తడిచేత్తో నీళ్లు రాస్తారు, నీళ్లు ఆరగానే తిప్పుతారు, చివరికి నేరుగా నిప్పుల మీద పెడితే పూరీలా పొంగుతుంది. పొంగిన రొట్టెను అప్పటికప్పుడు తినాలి, చల్లారితే బిరుసెక్కుతుంది. అంటే జొన్నరొట్టె తినే ఇంట్లో వేడి తిండి తప్పనిసరి. రొట్టె తట్టడం రానివాళ్లకు జొన్న గట్క ఉంది. జొన్నలు రవ్వగా పట్టించి, ఎసట్లో పోసి, గడ్డ కట్టకుండా తెడ్డుతో తిప్పుతూ ఉడికిస్తే అరగంటలో తయారవుతుంది. పుంటికూర పప్పు, ఎల్లిపాయ కారం, ఒక చెంచా నూనె ఉంటే అది నిండు భోజనం. మక్కరవ్వతోనూ గట్క అలాగే వండుకోవచ్చు. తైదల అంబలి చల్లగా తాగితే ఎండాకాలానికి, పొయ్యి మీంచి దించి వేడిగా తాగితే చలికాలానికి, రెంటికీ పనికొస్తుంది.

ఇదంతా పేదరికానికి అలంకారం చేయడమే, జొన్నకూడు తిన్నవాళ్లు వేరే దిక్కులేక తిన్నారు అన్నది బలమైన అభ్యంతరం. దాన్ని కొట్టిపారేయడానికి లేదు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు, వరి అన్నం పండగపూట మాత్రమే చూసిన కుటుంబాలకు అది గౌరవం కూడా. 2025లో రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం రావడం కూడా అలాంటిదే. జొన్న తినమని చెప్పడమంటే ఆ అన్నాన్ని లాక్కోవడం కాదు. కాకపోతే తెల్లన్నం పళ్లెంలో పెరిగినకొద్దీ పక్కన ఉండాల్సిన పప్పు, గింజలు, కూరలు తగ్గాయి. చేలల్లో జొన్న జాగాను పత్తి తీసుకుంది. పత్తి తినడానికి పనికిరాదు, ఆ డబ్బుతో కొన్న సరుకు జొన్నకు సాటి రావడం లేదు. 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల వయసు ఆడవాళ్లలో 57.6 శాతం మందికి, ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తహీనత ఉన్నవాళ్లకు చలి ఎక్కువగా తెలుస్తుంది, కాళ్లూ చేతులూ తొందరగా చల్లబడతాయి. ఈ అంకెల ముందు అడగవలసింది ఏ కషాయం మంచిదని కాదు, పళ్లెంలో ఏం తక్కువైందని.

తక్కువైన వాటిని తిరిగి తెచ్చేవి సంక్రాంతి ముందు రోజుల్లో మన ఇళ్లలో వండే వంటలే. సర్వపిండి సంగతే తీసుకుందాం. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి ముద్ద, ఉల్లాకు, కరివేపాకు కలుపుతారు. ఆ ముద్దను నూనె రాసిన లోతు గిన్నెకు లోపల అంతటా పల్చగా అద్ది, వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నటి సెగ మీద కాలుస్తారు. అడుగు ఎర్రగా మారి గిన్నెను వదిలేదాకా ఓపిక పట్టాలి. గింజ, పప్పు, నూనెగింజ ఒకే ముక్కలో అందే వంట ఇది. నూనె కూడా సకినాలకు పట్టేదాంతో పోలిస్తే చాలా తక్కువ. నువ్వుల్లో సుమారు సగం నూనే, వంద గ్రాముల్లో వెయ్యి మిల్లీగ్రాములకు మించి కాల్షియం ఉంటుంది. పల్లీల్లో నాలుగో వంతు మాంసకృత్తులు. వేయించిన నువ్వులు, పల్లీలు, బెల్లం కలిపి దంచి కట్టిన ఉండ ఒకటి బడికి పోయే పిల్లాడి జేబులో ఉంటే, పది గంటల ఆకలికి అదే చాలు. నువ్వులు వేడి చేస్తాయని గర్భిణులకు పెట్టకపోవడం మన దగ్గర కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఉంది. కాల్షియం, ఇనుము ఎక్కువగా కావలసింది వాళ్లకే. వంటల్లో వాడే మామూలు మోతాదులో నువ్వులు గర్భానికి హాని చేస్తాయనడానికి ఆధారం లేదు. అనుమానముంటే ఆశా కార్యకర్తనో వైద్యుడినో అడగాలి గానీ పళ్లెంలోంచి తీసేయకూడదు.

అడవి ఇచ్చే వెచ్చని తిండి ఇప్పపువ్వు. ఎండాకాలం మొదట్లో రాలే పువ్వును ఏరి ఎండబెట్టి దాచుకుంటారు, అది ఏడాదంతా ఉంటుంది. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం ఆ పువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతోంది. ఎండిన పువ్వును శుభ్రం చేసి వేయించి, పల్లీలు, నువ్వులు, బెల్లంతో కలిపి కట్టే ఆ లడ్డూ చలికాలానికి అచ్చంగా సరిపోయే తినుబండారం. ఆదిలాబాద్ ఆడవాళ్లు ఇప్పపువ్వుతో చేస్తున్న వంటల ప్రస్తావన 2025 మార్చిలో ప్రధాని మన్‌కీబాత్‌లో కూడా వచ్చింది. అదే పువ్వుతో కాచే సారా గురించి మాత్రం సూటిగా చెప్పాలి. చలికి రెండు గుక్కలు తాగితే ఒళ్లు వెచ్చబడుతుందన్న నమ్మకం అడవి పల్లెల్లోనూ ఉంది, బొగ్గుబావుల కాలనీల్లోనూ ఉంది. మద్యం చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. లోపలి వేడి రక్తం చర్మం దాకా వస్తుంది కాబట్టి వెచ్చగా అనిపిస్తుంది, కానీ ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. పైకి వెచ్చబడుతున్నట్టు ఉంటుంది గానీ లోపల ఒళ్లు చల్లబడుతూ ఉంటుంది. వణుకు తగ్గుతుంది, జాగ్రత్త తగ్గుతుంది. చలిరాత్రి తాగి ఆరుబయట పడుకున్న మనిషి ప్రాణానికే ముప్పు. ఒకే పువ్వు లడ్డూ అయితే వేడినిస్తుంది, సారా అయితే ఉన్న వేడిని ఊడ్చుకుపోతుంది.

పప్పుగింజల గుడాలు, చార్ల సంగతి తొందరగా చెప్పుకోవచ్చు, అవి అందరికీ తెలిసినవే. బబ్బెర్లు, శనగలు, ఉలవలు రాత్రి నానబెట్టి పొద్దున ఉడికించి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి తాలింపు పెట్టి వేడివేడిగా తింటే అదొక పూట తిండి. పైన నిమ్మకాయ పిండటం రుచి కోసమే కాదు. గింజల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే విటమిన్ సి తోడు కావాలి. కార్తీకం నుంచి దొరికే ఉసిరికాయలు, సంక్రాంతి వేళ వచ్చే రేగుపండ్లు ఆ పని చేస్తాయి. దీనికి పూర్తిగా ఎదురు నడిచేది టీ. భోజనంతో పాటో, తిన్న వెంటనేనో తాగే టీ ఇనుమును పట్టనివ్వదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తిండికి ముందు ఒక గంట, తర్వాత ఒక గంట టీ, కాఫీ వద్దని చెప్పింది. చలికాలం రోజుకు పది టీలు తాగే మన అలవాటుకు ఇది గట్టి హెచ్చరిక. నిజానికి చలిలో దాహం అంతగా వేయదు, నీళ్లు తాగడం తగ్గుతుంది, ముసలివాళ్లకు మలబద్ధకం, మూత్రంలో మంట మొదలవుతాయి. ఆ లోటు తీర్చడానికి మిరియాల చారు, పప్పుచారు, ఉలవల చారు మేలు. చారు నీళ్లనిస్తుంది, వేడినిస్తుంది, ముక్కు తెరుస్తుంది, అన్నం లోపలికి పోనిస్తుంది. పంచదార కూడా ఉండదు.

ఇక కషాయం వల్ల నష్టమేముంది, మేలు జరిగితే జరుగుతుంది లేకుంటే లేదు అనే మాట. వంటలో వేసే మోతాదులో ఈ దినుసులన్నీ మనకు తరతరాల నుంచి పడినవే, వాటితో భయం లేదు. చిక్కు మోతాదుతోనూ, రోజువారీ అలవాటుతోనూ వస్తుంది. దుకాణాల్లో ఎక్కువగా దొరికే దాల్చినచెక్క రకంలో కౌమరిన్ అనే పదార్థం ఉంటుంది, అది రోజూ ఎక్కువ మోతాదులో పడితే కాలేయానికి మంచిది కాదు. తిప్పతీగ తాగుతూ కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి ముంబయి వైద్యులు 2021లో ఒక వైద్య పత్రికలో రాశారు. ఆయుష్ శాఖ ఆ నిర్ధారణను ఒప్పుకోలేదు. వాదం ఎటు తేలినా, కాలేయ జబ్బు, మధుమేహం ఉండి మందులు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా ఇలాంటివి రోజూ తాగకూడదనడంలో సందేహం లేదు. పసుపు పాలది ఇంకో కథ. 2025 జనవరిలో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది, జగిత్యాల, నిజామాబాద్ పసుపు మన పక్క పంటే, దాని మీద మనకు ప్రేమ సహజం. పసుపులో కర్క్యుమిన్ సుమారు మూడు శాతమే, అదీ ఒంటికి సరిగా పట్టదు. మిరియాల్లోని పైపరిన్ తోడైతే ఇరవై రెట్లు ఎక్కువ పడుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. అయినా పసుపు పాలతో జలుబు రాకుండా ఆగుతుందని రుజువు లేదు. పడుకునే ముందు గ్లాసు వేడి పాలు మంచి తిండి, చిటికెడు పసుపు దానికి అడ్డు కాదు. అంతవరకే నమ్మాలి.

రక్తపోటు, చక్కెర ఉన్నవాళ్లకు ఈ తిండి పడదనే అభ్యంతరం న్యాయమైనది. చలిలో రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది, గుండెపోట్లు కూడా ఎక్కువగా వచ్చేది ఈ కాలంలోనే. అలాంటప్పుడు ఉప్పు తొక్కులు, నూనెలో వేగిన సకినాలు, గారెలు రోజూ తినడానికి వేడి తిండి అన్న పేరు సాకు కాకూడదు. రోజుకు మొత్తం ఉప్పు ఐదు గ్రాములు దాటకూడదు. ఊరగాయతోనే అందులో చాలా భాగం అయిపోతుంది. బెల్లం దేశవాళీదైనా చక్కెరే, మధుమేహం ఉన్నవాళ్లకు నువ్వుల ఉండ బదులు నువ్వుల పొడి, పల్లీల పొడి రొట్టెతో తినడం మేలు. వాళ్లకు చలికాలపు తిండి అంటే గట్క, రొట్టె, పప్పు, గుడాలు, చారు. పిండివంటలు పండగ నాలుగు రోజులకే. ఇంకొకటి, వేడి అంటే నాలుక కాలేంత కాదు. అరవై అయిదు డిగ్రీలకు మించిన వేడితో పానీయాలు తాగడం అన్నవాహిక క్యాన్సర్‌కు దారితీసే అవకాశం ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో చెప్పింది. పొయ్యి మీంచి దించిన టీని కొన్ని నిమిషాలు ఆరనిస్తే చాలు.

బొగ్గు దొరికే ప్రాంతం కాబట్టి ఒక మాట తప్పకుండా చెప్పాలి. మందమర్రి, బెల్లంపల్లి, రామకృష్ణాపూర్ కాలనీల్లో బొగ్గుపొయ్యి తెలియని పెద్దవాళ్లుండరు. గ్యాస్ వచ్చాక అది వంటింటి నుంచి చాలావరకు వెళ్లిపోయింది గానీ, చలి ముదిరితే కొన్ని ఇళ్లలో కుంపటిగా తిరిగొస్తుంది. తలుపులు, కిటికీలు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం ప్రాణాంతకం. సగం కాలిన బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లకు తెలియకుండానే ఊపిరి ఆగిపోతుంది. చలికి గదిలో బొగ్గులు కాల్చే బదులు కడుపును నింపడం, ఒంటి మీద ఒక దుప్పటి అదనంగా కప్పడం ఎన్నో రెట్లు భద్రమైన దారి. ముసలివాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. వయసు పెరిగేకొద్దీ కండ తగ్గుతుంది, వణికి వేడి పుట్టించే శక్తీ తగ్గుతుంది. ఆకలి మందగించిందని రాత్రి పాలతో సరిపెట్టుకునే ముసలివాళ్లు తెల్లవారేసరికి చలికి ఎక్కువ అల్లాడతారు. వాళ్లకు పొద్దుగూకక ముందే, మెత్తగా ఉడికిన గట్కలో పప్పు కలిపి, నెయ్యి వేసి, చిన్న గిన్నెలో పెట్టినా సరే, ఒక పూట తప్పకుండా పెట్టాలి.

ఇంత వండేదెవరు అన్నది చివరి అభ్యంతరం, నా దృష్టిలో అన్నింటికన్నా బరువైనది. రొట్టెలు తట్టడం, సర్వపిండి అద్దడం, గింజలు నానబెట్టడం, ఇవన్నీ ఆడవాళ్ల ఒళ్లు అరిగే పనులు. సంప్రదాయం పేరుతో ఆ బరువంతా మళ్లీ వాళ్ల మీదే వేస్తే ఈ వాదన అన్యాయమవుతుంది. నువ్వులు, పల్లీలు వేయించి దంచి ఉండలు కట్టడం ఒక ఆదివారం మధ్యాహ్నం పని, దానికి ఆడ, మగ తేడా అవసరం లేదు, ఆ ఉండలు రెండు వారాలు నిలుస్తాయి. గట్కకు జొన్నరవ్వ గిర్నీలో పట్టించి డబ్బాలో పోసుకుంటే అన్నం వండినంత పనే. రాత్రి ఉడికిన పప్పునీళ్లు తీసి పెడితే పొద్దున చారు పది నిమిషాల్లో అవుతుంది. రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు దాకా సాగే నైట్ షిఫ్టుకు వెళ్లే కార్మికుడు టిఫిన్‌తో పాటు ఫ్లాస్కులో మిరియాల చారు పోసుకుపోతే, చలి బాగా కొరికే తెల్లవారుజామున క్యాంటీన్ టీకి బదులు అది తాగవచ్చు. ఆ ఫ్లాస్కు తనే కడుక్కుని తనే నింపుకోవచ్చు.

ఇంటి బయట కూడా చేయవలసింది ఉంది. తెలంగాణలో 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీల్లో గర్భిణులకు, బాలింతలకు రోజూ ఒక పూట అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలతో వేడి భోజనం పెడుతున్నారు. మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్, ఆదిలాబాద్ జిల్లాల్లో మార్గశిరం నుంచి మాఘం దాకా మూడు నెలలు ఆ భోజనానికి జొన్న గట్కనో, నువ్వుల పల్లీల ఉండనో, ఇప్పపువ్వు లడ్డూనో కలిపితే అంగన్‌వాడీకి అయ్యే ఖర్చు కొద్దిపాటిదే. ఆ లడ్డూలు చేసే సంఘాలు ఉట్నూరులోనే ఉన్నాయి, జొన్న పండించే రైతులు పక్క మండలాల్లోనే ఉన్నారు. జిల్లా అధికారులు, పంచాయతీలు, మహిళా సంఘాలు కలిసి వచ్చే కార్తీకంలోగా ఈ ఏర్పాటు చేయాలి.